కొత్త డబ్బాలో పాత టేపు

ఆ శనివారం ఎడ్గర్ థ్రెల్‌ఫాల్ తెల్లారకముందే లేచి, నున్నగా గడ్డం గీసుకుని, నీలం కోటు తొడుక్కుని, దానికి వాద్యకారుల సంఘం బిళ్ళ పెట్టుకుని, కూతురి కారు కోసం కిటికీ దగ్గర కాపు కాశాడు. కారు రావడానికి ఇంకా బోలెడంత సమయముంది. డెబ్భై దాటిన మనిషి పెళ్ళిచూపులకు వెళ్ళే కుర్రాడిలా మాటిమాటికీ అద్దం చూసుకుంటుంటే నవ్వొస్తుంది గానీ, ఆయన సంగతి తెలిస్తే నవ్వబుద్ధి కాదు. వేదిక ఎక్కమని ఆయన్ని ఎవరైనా పిలిచి దశాబ్దాలయింది.

ఒకప్పుడు ఎడ్గర్ ట్రంపెట్ వాయించేవాడు. బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో, జనం జంటలు జంటలుగా నాట్యం చేసే హాల్లో, తెల్ల కోటు వేసుకుని రెండో వరుసలో నిలబడేవాడు. ఒక వేసవిలో హోటల్ వాళ్ళు ఓ రికార్డు ప్లేయరు కొన్నారు. జనం దానికీ అలాగే నాట్యం చేశారు. బ్యాండులో ఉన్నవాళ్ళంతా పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు పోయారు. ఆ దెబ్బ ఎడ్గర్‌కి చచ్చేదాకా మానే దెబ్బ కాదు. ఆయన సంఘంలో చేరి, మెల్లగా సంఘం ఉద్యోగి అయ్యాడు. మనిషి వాయించాల్సిన చోట యంత్రం చేత వాయించి మనిషి కూడు తీసేయకూడదన్నది ఆయన మతం.

ఆ రోజుల్లో దేశంలో శుక్రవారం సాయంత్రమైతే చాలు, ప్రతి ఇంట్లోనూ టీవీలో 'పాప్ పరేడ్' మోగేది. పిల్లలు నేల మీద చేరేవాళ్ళు, తండ్రులు ఆ పాటగాళ్ళ జుట్లేమిటని సణుక్కుంటూనే కళ్ళు తిప్పకుండా చూసేవాళ్ళు. ఆ షోకి సంఘం ఒక నియమం పెట్టింది. కొట్లో అమ్మే రికార్డునే మోగించి, దానికి పెదవులాడిస్తే కుదరదు. షోకి ముందు మంగళవారంనాడు బృందం లండన్‌లో స్టూడియోకి వచ్చి, మూడు గంటల్లోగా అదే పాట మళ్ళీ కొత్తగా వాయించాలి. అది నిజంగా వాయించారని సంఘం మనిషి దగ్గర కూర్చుని చూడాలి. శుక్రవారం ఆ కొత్త టేపే మోగాలి. ఆ దగ్గర కూర్చునే మనిషి ఎడ్గర్.

ఆయన కూతురు హేజెల్ అప్పుడు బడికి వెళ్ళే పిల్ల. ఎడ్గర్ ఆమె వెనకాల నిలబడి, "ఆ డ్రమ్ము విన్నావా? మంగళవారం నా కళ్ళెదురుగా వాయించాడు" అనేవాడు. ఆ మాట ఆ పిల్ల బడి అంతా చాటింది. అదంతా ఉత్త నాటకం, వాళ్ళు కొట్లో అమ్మే రికార్డుకే నోళ్ళాడిస్తారని ఒక పిల్ల అన్నందుకు దాని జడ పట్టుకుని లాగి, మధ్యాహ్నమంతా వరండాలో నిలబడింది. ఆ సంగతి విని ఎడ్గర్ ఆమెను మందలించాడు గానీ లోలోపల ఉబ్బిపోయాడు.

తర్వాత నియమమూ పోయింది, షో కూడా పోయింది. హేజెల్ పెరిగి ప్రెస్టన్‌లో లెక్కల టీచరయింది. తండ్రి ఏం పని చేసేవాడని ఎవరైనా అడిగితే, "సంఘంలో ఏదో చేసేవారు" అని తేల్చేసేది. ఆ 'ఏదో' ఒకసారి ఎడ్గర్ చెవిన పడింది. పైకి ఏమీ అనలేదు. అలాంటి కూతురు, బ్లాక్‌పూల్‌లో 'పాప్ పరేడ్' అభిమానులు కూడుతున్నారని ఎక్కడో చూసి, తనంతట తానే వాళ్ళకు ఫోన్ చేసి, మా నాన్న ఆ షోకి సంఘం తరఫున ఉండేవారని చెప్పింది. అవతలివాళ్ళు ఎగిరి గంతేశారట. "నిజంగా ఆయనేనా? ఇంకా ఉన్నారా? తప్పకుండా తీసుకురండి, వేదిక మీద కూర్చోబెడతాం!" అన్నారట. అంత సంబరం ఎందుకో ఎడ్గర్ ఆలోచించలేదు. గౌరవమనుకున్నాడు. ఈ ఒక్క మధ్యాహ్నం గడిస్తే ఆ 'ఏదో' అన్న మాట కూతురి నోట మళ్ళీ రాదనుకున్నాడు.

సమావేశం సరిగ్గా ఆ పాత హోటల్లోనే. ఎడ్గర్ ఒకప్పుడు ట్రంపెట్ పట్టుకుని నిలబడ్డ హాల్లోనే. ఇప్పుడక్కడ అరవై దాటినవాళ్ళు, బొత్తాం పట్టని పాత బెల్‌బాటం ప్యాంట్లలో, మెరుపు చొక్కాల్లో తిరుగుతున్నారు. తెర మీద పాత పాటలు ఆడుతున్నాయి. ఒక్కో మొహం కనబడగానే హాలంతా "అబ్బా!" అంటోంది.

"ఎడ్డీ! ఒరేయ్, నువ్వేనా!" అంటూ ఒకాయన వచ్చి వాటేసుకున్నాడు. ఎర్రగా కాలిన మొహం, మెడలో బంగారు గొలుసు. బారీ పిల్లింగ్. ఒకప్పుడు ఒక పెద్ద రికార్డు కంపెనీ తరఫున బృందాలను షోకి తెచ్చేవాడు. ఇప్పుడు స్పెయిన్‌లో ఎండ కాచుకుంటున్నాడు. "ఈయన లేకపోతే మనమెవ్వరం లేమమ్మా!" అన్నాడు హేజెల్‌తో. హేజెల్ తండ్రివైపు చూసి నవ్వింది. ఎడ్గర్‌కి కడుపు నిండిపోయింది.

మధ్యాహ్నం ఎడ్గర్‌నీ బారీనీ వేదిక మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. ముందు వరసలో హేజెల్. బారీ మైకు అందుకున్నాడు.

"మీకో రహస్యం చెబుతా. రహస్యమేముందిలెండి, లండన్‌లో టీలిచ్చేవాడికి కూడా తెలుసు. తెలియనిది ఒక్క మా ఎడ్డీకే!" అన్నాడు. అప్పుడే నవ్వు మొదలయింది. "మంగళవారం పొద్దున కుర్రాళ్ళని స్టూడియోకి తోలుకొచ్చేవాణ్ణి. ఈయన అప్పటికే కూర్చునుండేవాడు, ఒళ్ళో టోపీ పెట్టుకుని, పరీక్షకి కాపలా ఉన్న మాస్టారిలాగా. మావాళ్ళు కాసేపు టింగుటింగుమనిపించేవాళ్ళు. అసలు రికార్డు చెయ్యడానికి నెల పట్టింది, మూడు గంటల్లో ఏం చేస్తారు పాపం? అప్పుడు నేనెళ్ళి, 'ఎడ్డీ, ఆకలేస్తోందా?' అనేవాణ్ణి."

హాలు గొల్లుమంది. ఇది వాళ్ళందరికీ తెలిసిన కథేనని, ఎదురుచూస్తున్న కథేనని ఎడ్గర్‌కి అప్పుడు అర్థమయింది.

"పక్క సందులో పబ్బు. వేడి వేడి మాంసం రోస్టు. బీరు. దాని మీద ఇంకో బీరు. మేమక్కడ కుమ్మేస్తుంటే ఇక్కడ స్టూడియోలో మావాడు అసలు రికార్డు టేపే తీసి, కొత్త డబ్బాలో పెట్టి, తేదీ మార్చి చీటీ అంటించేవాడు. మేం తిరిగి రాగానే 'అయిపోయింది సార్, వినండి' అని అదే వినిపించేవాడు. ఈయన కళ్ళు మూసుకుని, తలూపుతూ వినేవాడు. విని ఏమనేవాడో తెలుసా?" బారీ కాస్త ఆగాడు. "'బారీ, రికార్డు కన్నా ఇదే బావుందయ్యా!' అనేవాడు!"

జనం కుర్చీల్లో వెనక్కి పడి నవ్వారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ మాట ఎడ్గర్ నిజంగానే అన్నాడు. ఎన్నో మంగళవారాలు అన్నాడు. ఇంటికెళ్ళి భార్య పెగ్గీతో కూడా చెప్పేవాడు, "మూడు గంటల్లో ఎంత బాగా వాయించారో! పైగా ఆ బారీకి నేనంటే ఎంత మర్యాదో, భోజనం పెట్టించందే వదలడు" అని. పెగ్గీ ఆ మర్యాదని నమ్మే పోయింది. ఇన్నేళ్ళూ లండన్ అంతా ఆయన చెవిలో పూలు పెట్టింది. ఆ పూలు పెట్టుకునే ఆయన వీధుల్లో తలెత్తుకు తిరిగాడు.

హేజెల్‌వైపు చూశాడు. హేజెల్ నవ్వడం లేదు. జాలిగా చూస్తోంది. బడిలో దెబ్బలు తిన్న పిల్లవాణ్ణి టీచరు చూసే చూపు అది. నవ్వినా బాగుండును. హాలంతా నవ్వినా భరించేవాడేమో గానీ, కూతురి కళ్ళలో ఆ జాలి భరించడం ఆయన వల్ల కాలేదు.

చెయ్యి చాపి మైకు లాక్కున్నాడు. తానేం అనబోతున్నాడో తనకే తెలియదు.

"బారీ, నన్ను బుట్టలో వేశాననుకున్నావా?" అన్నాడు. "మొదటి వారమే కనిపెట్టాను. ఆ పబ్బులో రోస్టు అంత కమ్మగా లేకపోతే అప్పుడే నిన్ను పట్టించేవాణ్ణి!"

హాలు లేచిపోయింది. చప్పట్లు, ఈలలు, బల్లల మీద దరువులు. బారీ నోరు తెరిచి, "అమ్మ దొంగా!" అంటూ ఎడ్గర్ చెయ్యి పైకెత్తి ఊపాడు. ముందు వరసలో హేజెల్ మొహం ఒక్కసారిగా విప్పారింది. పడీపడీ నవ్వింది, పక్కావిడతో "మా నాన్న!" అంది. ఎడ్గర్ ఆ మాట విన్నాడు. ట్రంపెట్ రోజుల్లో కూడా ఇన్ని చప్పట్లు ఎరగడు.

అప్పుడు వెనక వరసల్లోంచి ఒకావిడ చెయ్యెత్తింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, ఎర్ర వానకోటు. ఎవరో మైకు అందించారు.

"నా పేరు మార్లీన్ ఓగ్డెన్. ఫ్లీట్‌వుడ్ నుంచి వచ్చాను. సాల్ట్ లేన్ బృందంలో కీబోర్డు వాయించేదాన్ని."

ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళకి ఆ పేరు గుర్తు లేదు. ఎడ్గర్‌కి మాత్రం ప్రాణం లేచొచ్చింది. సాల్ట్ లేన్! ఆయన జీవితంలో అందరికీ చెప్పుకున్న కథ అదొక్కటే. ఫ్లీట్‌వుడ్ రేవులో చేపలు కోసుకునే నలుగురు పిల్లలు. వాళ్ళ కంపెనీ అంటే మాంచెస్టర్‌లో చెప్పుల కొట్టు మీద ఒక గది. లండన్‌కి వాళ్ళ వెంట వచ్చినవాడు లేడు, సంఘం మనిషిని భోజనానికి పిలవాలని చెప్పినవాడూ లేడు. వాళ్ళు మూడు గంటలూ చెమటలు కక్కుతూ వాయించారు. ఎడ్గర్ కదలకుండా అక్కడే కూర్చున్నాడు. మధ్యలో వాళ్ళు చేపముద్ద రాసిన శాండ్‌విచ్‌లు తింటూ ఆయనకీ పెడితే తిన్నాడు. సమయం అయిపోవస్తుంటే పాడే కుర్రాడు, ఈవిడ తమ్ముడు నెవిల్, "సార్, కోరస్ గొంతులు ఇంకా కలపలేదు. ఇంకొక్క పది నిమిషాలివ్వండి సార్" అన్నాడు. ఎడ్గర్ గడియారం చూసి, బాబూ, నియమం నియమమే, అందరికీ ఇదే సమయం అన్నాడు. పోతూ పోతూ వాళ్ళందరితో చేతులు కలిపాడు. "మీరు నిజాయితీగా వాయించారు" అని కూడా అన్నాడు. నియమం పెట్టింది ఇలాంటివాళ్ళ కోసమేనని ఇన్నేళ్ళుగా ఎక్కడపడితే అక్కడ చెబుతూనే ఉన్నాడు.

"మీకు మొదటి వారం నుంచే తెలుసంటున్నారు" అంది మార్లీన్. "అందరూ పాత టేపే ఇస్తున్నారని తెలుసు. మరి మా చేత ఎందుకు చేయించారండీ? ఆ పది నిమిషాలు కూడా ఎందుకివ్వలేదు?"

హాలు సద్దుమణిగింది. తెలియదని చెబితే ఎడ్గర్ వెర్రివాడు. తెలుసంటే... ఏమవుతాడో ఆవిడ మొహంలోనే కనబడుతోంది.

బారీ ఇలాంటివి ఎన్ని చూడలేదు! మైకు అందుకుని, "అమ్మాయ్, మీవాళ్ళు ఆయనకి రోస్టు పెట్టించలేదు కదమ్మా మరి!" అన్నాడు.

హాలు మళ్ళీ పగలబడి నవ్వింది. ఎడ్గర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తన నోట్లోంచి వస్తుంటే తనకే వినబడింది. మార్లీన్ మైకు పక్కవాళ్ళకిచ్చేసి కూర్చుంది.

టీ విరామంలో హేజెల్ పరుగున వచ్చింది. "నాన్నా, నువ్వింత కంత్రీవని నాకు తెలీనే తెలీదు! ఇన్నాళ్ళూ నోరు మెదపలేదే!" ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. తండ్రి చెయ్యి పట్టుకుని వదలడం లేదు. ఎడ్గర్ ఆ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, ఇప్పుడే వస్తానని వరండాలోకి నడిచాడు.

మార్లీన్ గొడుగు తీసుకుంటోంది.

"అమ్మా, వెళ్ళిపోతున్నారా?"

"ట్రామ్ పోతుందండీ."

"నేను... నాకు తెలీదమ్మా. అక్కడ అలా అనేశాను గానీ నాకేమీ తెలీదు. ఇవాళే, ఇప్పుడే, వాడు చెబుతుంటేనే తెలిసింది."

ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "బాగానే ఉంది. అక్కడ అందరి ముందూ ఒకటి, ఇక్కడ వరండాలో ఒకటి. ఏది నమ్మమంటారు?"

"నిజమమ్మా. ఒట్టు."

"ఆ టేపు శుక్రవారం టీవీలో ఎలా వచ్చిందో విన్నారా మీరు? సగం పాట. మా తర్వాత వచ్చినవాళ్ళ పాట గుళ్ళో గంట కొట్టినట్టుంది, మాది రేకు డబ్బా కొట్టినట్టుంది. ఆ తర్వాతి వారం మా రికార్డు కొన్నవాడు లేడు. కంపెనీవాడు ఫోన్ ఎత్తలేదు. నెవిల్ మళ్ళీ నోరు విప్పి పాడలేదండీ. పుట్టినరోజు పాట కూడా పాడడు. అందరూ దొంగటేపులు ఇచ్చారని మాకెప్పుడో తెలిసింది. అప్పుడు వాడేమన్నాడో తెలుసా? 'పోన్లే అక్కా, ఆ సంఘం ఆయన మనలాంటివాడే. ఆయనక్కూడా తెలీదు. ఆయన చెయ్యి కలిపింది నిజంగానే కలిపాడు' అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాడండీ ఇన్నేళ్ళూ. మీరొస్తున్నారని చెప్పి నన్ను పంపింది కూడా వాడే, ఓసారి పలకరించి రమ్మని. ఇప్పుడింటికెళ్ళి వాడికేం చెప్పమంటారు?"

ఎడ్గర్‌కి తల కొట్టేసినట్టయింది. వెర్రివాడు కావడానికి సిగ్గుపడి తన తెలియనితనాన్ని తాను కాదంటే, ఒక మనిషి దాన్నే ఇన్నేళ్ళు దాచిపెట్టుకున్నాడు.

"చెబుతాను. మైకులోనే చెబుతాను. ఒక్క నిమిషం ఉండండి."

విరామం అయ్యాక బారీ ఇంకో కథ మొదలుపెట్టబోతుంటే ఎడ్గర్ లేచి నిలబడ్డాడు. మార్లీన్ కోటు విప్పకుండానే తలుపు దగ్గర నిలబడింది.

"నేను ఇందాక అబద్ధం చెప్పాను" అన్నాడు ఎడ్గర్. "నాకేమీ తెలీదు. ప్రతి వారం నేను నిజంగానే మోసపోయాను. ఆ భోజనం నా మీద గౌరవంతో పెడుతున్నారనుకున్నాను. ఆ టేపు కొత్తదే అనుకున్నాను."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే హాలంతా విరగబడింది. ఆయన మొహం అంత దిగాలుగా పెట్టడం వాళ్ళకి మరీ ముచ్చటేసింది. "అబ్బబ్బ, ఏం నటనయ్యా!" అన్నారెవరో. బారీ ఆయన భుజం చరిచి, "వీడు నాకన్నా ముదురు!" అన్నాడు.

"నిజంగా చెబుతున్నాను!" అని అరిచాడు ఎడ్గర్. వాళ్ళు ఇంకా నవ్వారు. కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ హాల్లో నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. రెండో ఆవిడ ముందు వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని తండ్రివైపే చూస్తోంది.

వేదిక దిగగానే హేజెల్ ఆయన ఓవర్‌కోటు పట్టుకుని నిలబడింది. కారు ఎక్కాక తాళం తిప్పకుండా అడిగింది.

"నాన్నా, ఏది నిజం? మొదట చెప్పిందా, తర్వాత చెప్పిందా?"

"రెండోది."

"మరి మొదటిది ఎందుకు చెప్పావు?"

"నువ్వు చూస్తున్నావని."

హేజెల్ అద్దం మీద పడుతున్న వాన చూస్తూ కూర్చుంది. "దాని పేరు లిండ్సే" అంది కాసేపటికి. "బడిలో. జడ లాగాను కదా. దాని మాటే నిజమన్నమాట." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఎడ్గర్ సీటులో ఇంకా కిందికి జారిపోయాడు.

ట్రామ్ స్టాపు దగ్గర ఎర్ర వానకోటు కనబడింది. ఎడ్గర్ ఆపమన్నాడు. అద్దం దించి, ఎక్కండమ్మా, ఇంటిదగ్గర దింపుతామన్నాడు. మార్లీన్ ట్రామ్ వచ్చేవైపు చూసింది, ఆయనవైపు చూసింది. తర్వాత తలుపు తీసి వెనక సీట్లో కూర్చుంది.

"దింపడం కాదు. లోపలికొచ్చి వాడితో మీరే చెప్పండి. నా నోటితో నేను చెప్పను" అంది.

ఫ్లీట్‌వుడ్ దాకా ఎడ్గర్ మనసులో ఒకే మాట తిప్పి తిప్పి అనుకుంటున్నాడు. నాకు తెలీదు. నాకు తెలీదు బాబూ. హాల్లో ఈ మాటకే జనం పొట్టలు పట్టుకున్నారు. ఏ మొహం పెట్టుకుని చెబితే నిజమనిపిస్తుందో ఆయనకి అంతుబట్టలేదు.

నెవిల్ వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. చేపల లారీ నడిపి రిటైరైన మనిషి, బట్టతల, బాగా ఒళ్ళు చేశాడు. ఎడ్గర్‌ని చూడగానే కత్తి పక్కన పెట్టి, చెయ్యి తువాలుకి తుడుచుకుని, "సార్!" అంటూ చాపాడు. ఎడ్గర్ ఆ చెయ్యి అందుకోలేదు.

"నెవిల్ బాబూ, ముందు నా మాట విను. ఇవాళ అక్కడ అందరి ముందూ నాకంతా ముందే తెలుసని చెప్పాను. అది అబద్ధం. నాకేమీ తెలీదు."

నెవిల్ అక్కవైపు చూశాడు. ఆవిడ కిటికీవైపు చూస్తోంది. నెవిల్ నవ్వాడు.

"తెలీదని నాకు తెలుసు సార్. తెలిసినవాడు పక్క సందులో రోస్టు వదిలేసి మా చేపముద్ద శాండ్‌విచ్ తింటాడా? రెండు తిన్నారు కూడానూ. మా అమ్మ చేసినవి."

అదొక్కటే చాలు. హాలంతా నమ్మని మాట, కూతురు కూడా అడిగి తెలుసుకోవాల్సి వచ్చిన మాట, ఈ మనిషి అడక్కుండానే నమ్మాడు. ఎడ్గర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడితో అయిపోయిందనుకున్నాడు.

"మరి తెలుసని ఎందుకన్నారు?" అడిగాడు నెవిల్.

"సిగ్గేసింది. అంతమంది నన్ను చూసి నవ్వుతుంటే, నా కూతురు ఎదురుగా కూర్చునుంటే, తట్టుకోలేకపోయాను."

నెవిల్ కుర్చీలో కూర్చుని ఒక దుంప చేతిలోకి తీసుకున్నాడు. తొక్క తీయలేదు, ఊరికే తిప్పుతున్నాడు. "మా పాట టీవీలో వచ్చిన మర్నాటి నుంచి ఈ ఊళ్ళో నన్ను చూసి నవ్వనివాడు లేడు సార్. రేవులో నవ్వారు, పబ్బులో నవ్వారు. మా అమ్మని పాతిపెట్టి వస్తుంటే స్మశానం గేటు దగ్గర కూడా ఒకడు, 'మిగతా పాట ఎక్కడ పెట్టావురా నెవిల్?' అన్నాడు. ముప్పై అయిదేళ్ళు. నాకూ పిల్లలున్నారు, వాళ్ళ ముందే అనేవాళ్ళు. మీరు ఒక్క పూట ఓర్చుకోలేకపోయారా?"

కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు. వెనకాల గుమ్మంలో హేజెల్ తలవంచుకుని చెప్పుల వైపు చూస్తోంది.

"సర్లెండి, నిలబడే ఉన్నారు. కూర్చోండి సార్, అమ్మాయ్ నువ్వూ కూర్చో. అక్కా, టీ పెట్టు" అన్నాడు నెవిల్.

ఎడ్గర్ కూర్చున్నాడు. టీ వచ్చింది. టీ పక్కన మార్లీన్ ఒక పళ్ళెంలో చేపముద్ద రాసిన శాండ్‌విచ్‌లు పెట్టింది. నెవిల్ పళ్ళెం ఆయనవైపు జరిపాడు. ఎడ్గర్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు గానీ నోటిదాకా తీసుకెళ్ళలేకపోయాడు.